పసుపు దంచిన పూట భూకంపం

ఆ ఉదయానికి సింధూజ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. బోరు మోటారు వేయవద్దని పెద్దబాపు జగపతికి ముందు రోజే చెప్పింది. బర్రెను, దూడను తెల్లవారగానే పొలానికి తోలించింది. వీధిలోకి ఇసుక ట్రాక్టర్లు రాకుండా జగపతి చేతనే మాట చెప్పించింది. ఆయన ఒకప్పుడు తరిగొప్పులలో సర్పంచిగా చేశాడు, ట్రాక్టర్లవాళ్లకు ఆయన మీద ఇంకా కాస్త మర్యాద మిగిలి ఉంది. మిక్సీ తీగను ఆమె స్వయంగా ఊడబీకి దాచిపెట్టింది.

ఈ జాగ్రత్తలన్నీ వడ్ల బస్తాలు పెట్టే అర్రలో నేల మీద పెట్టిన ఒక పెట్టె కోసం. అది టిఫిన్ డబ్బా కంటే పెద్దదేమీ కాదు. భూమి ఎంత సన్నగా అదిరినా పసిగడుతుంది. గట్టిగా అదిరితే దాని మీది పచ్చదీపం ఎర్రగా మారి, ఫోన్లకు హెచ్చరిక వెళుతుంది. సింధూజ హైదరాబాదులో భూమి కదలికల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో పనిచేస్తోంది. కింద గట్టి బండ, చుట్టూ ప్రశాంతత ఉన్న చోటు కావాలి కనుక పెట్టెను పరీక్షించడానికి పెద్దబాపు ఇంటికి తెచ్చింది.

పెట్టె తయారైంది మాత్రం తరిగొప్పుల కోసం కాదు. పసిఫిక్ సముద్రం నడుమ ఒక చిన్న ద్వీపదేశం ఉంది. దాని పేరు ఎవరికీ నోరు తిరగక ఊళ్లో అందరూ 'సముద్రమోళ్లు' అనేవారు. కొన్నేళ్ల కిందట అక్కడ సముద్రం అడుగున భూమి కదిలి, అల లేచి, తీరం మీది ఊళ్లను ఊడ్చుకుపోయింది. పెద్ద యంత్రాలు కొనే స్తోమత ఆ దేశానికి లేదు. ఇంటింటా పెట్టుకోగల చవక పెట్టె ఒకటి ఉంటే చాలు, మళ్లీ అల వచ్చేలోపు జనం గుట్ట ఎక్కే వ్యవధి దొరుకుతుంది. ఆ పొద్దు ఆ దేశపు కమిటీ వీడియోలో పెట్టెను చూడబోతోంది. సరేనంటే పెట్టెలు ఓడ ఎక్కుతాయి. కాదంటే ఆ ఊళ్లు ఇప్పుడున్నట్టే, చెప్పేవారు లేకుండా ఉంటాయి. గోడలు లేకుండా మిగిలిన అక్కడి బడి ఫోటో ఒకటి చూసిన నాటి నుంచి సింధూజకు ఇది ఉద్యోగంలా అనిపించడం మానేసింది.

"పెద్దమ్మా, రేపు పొద్దుగాల ఇంట్ల జర సప్పుడు కావద్దు," అని ఆమె జగపతి భార్య మనోరమతో చెప్పింది.

"గట్లనే బిడ్డా. మాకేం సప్పుళ్లుంటయ్? గా చిన్న ముచ్చటొక్కటున్నది, గది అయితది," అంది మనోరమ.

ఆ చిన్న ముచ్చట ఆమె కూతురు రిషిత పెండ్లికి పసుపు దంచడం. మనోరమ దాచి చెప్పలేదు. ఆమె దృష్టిలో మోటారుది చప్పుడు, ట్రాక్టరుది చప్పుడు, మిక్సీది మరీ పాడు చప్పుడు. ముత్తైదువలు పసుపు దంచితే అది శుభం. శుభాన్ని చప్పుడు కింద జమకట్టడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

మర్నాడు పొద్దున కమిటీ పెద్ద సెలీనా లాప్‌టాప్ తెర మీదికి వచ్చింది. యాభై దాటిన మనిషి, తక్కువగా మాట్లాడుతుంది. ఆమె వెనక నలుగురు సభ్యులు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఇద్దరి తెరల మీదా పెట్టె గీస్తున్న గీత చెరువు నీళ్లలా కదలకుండా ఉంది. సింధూజ గొంతు సవరించుకుని, "ఇది చాలా నమ్మకమైన పరికరం," అని ఇంగ్లిషులో మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే గోడకు అవతల, వాకిట్లో పాతిన రాతి రోట్లో మొదటి రోకటి పోటు పడింది.

పోటు మీద పోటు పడింది. గీత లేచి నిలబడింది. దీపం ఎర్రబడింది. హెచ్చరిక జగపతి ఫోనుకు వెళ్లింది. ప్రయోగానికి తన నంబరు ఒక్కటే ఇస్తే ఏం గౌరవమని ఆయన ఊరి గ్రూపు మొత్తాన్ని దానికి జతచేయించి ఉన్నాడు. ఊళ్లో ఉన్న ప్రతి ఫోనూ ఒక్కసారిగా కూసింది. జగపతి మాజీ సర్పంచి బాధ్యతతో వీధి మధ్యకు వెళ్లి, "భూకంపం! అందరు బయటికి రాండ్రి!" అని కేకేశాడు. అందరూ వచ్చారు. ఎదురింటి సాయిలు తాను పడుకున్న మంచంతో సహా వచ్చాడు.

సింధూజ వాకిట్లోకి పరుగెత్తింది. "పెద్దమ్మా, ఆపుండ్రి! నీకు దండం పెడత, ఆపుండ్రి!"

పక్కింటి రుక్కి ఎత్తిన రోకలి గాలిలోనే ఆగిపోయింది. పసుపు కుంకుమలు పూసి, మామిడాకులు కట్టిన రోకలి అది. పాట మధ్యలో తెగింది. ముత్తైదువలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మనోరమ ముఖంలో నెత్తురు లేదు.

"ఎత్తిన రోకలి నడుమ దించుతరా బిడ్డా?" అంది చాలా మెల్లగా.

"తర్వాత చెప్త," అని సింధూజ లోపలికి పరుగెత్తింది.

చెప్పకుండా వదిలేసిన మాటను పూర్తిచేసే పని రుక్కి తీసుకుంది. బయట భూకంపం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డ జనం దగ్గరికి వెళ్లి, "భూకంపం లేదు, ఏం లేదు. పసుపు దంచుడు ఆపిన్రు," అంది. ఆమె అబద్ధం ఆడలేదు. వీధి మలుపు తిరిగేసరికి అది 'పెండ్లి ఆగింది' అయింది. బస్టాండు దగ్గర దానికి కారణాలు కూడా దొరికాయి. ఎవరో పుణ్యాత్ముడు పెండ్లికొడుకు తండ్రి గోవర్ధన్‌కు ఫోన్ చేశాడు. వాళ్లది డోర్నకల్, కొడుకు నిఖిల్‌ది రైల్వేలో ఉద్యోగం. పెండ్లి బట్టల కోసం గోవర్ధన్, ఆయన భార్య ఆ పొద్దు జనగామలోనే ఉన్నారు. మూట కట్టించిన పట్టుచీర అలాగే చంకన పెట్టుకుని కారెక్కారు.

లోపల సెలీనా అడిగింది. "ఆ ఎర్రదీపం ఎందుకు వెలిగింది?"

"బయట రోడ్డు పని జరుగుతోంది. ఆపించాను," అంది సింధూజ. ఇంత చిన్న అబద్ధం ఆడుతున్నప్పుడు చెవులు ఇంత వేడెక్కుతాయని ఆమెకు అంతవరకు తెలియదు.

"ఆపించారా?" అంది సెలీనా. ఇంకేదో అనబోయింది. ఆలోగా ఊరంతా ఫోన్లు ఎత్తి బంధువులకు తలా ఒక కబురు చెప్పడం మొదలుపెట్టడంతో నెట్ పడిపోయింది.

నెట్ తిరిగి వచ్చేసరికి గోవర్ధన్ కూడా వచ్చాడు.

"పసుపు ఎవలాపిన్రు?" అన్నాడు వాకిట్లో నిలబడి. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఎవలాపలే బావా, భూకంపమచ్చింది," అన్నాడు జగపతి.

"భూకంపమొస్తే జనగామల మాకు తెల్వకపాయెనా?"

"అంత దూరం రాలే. మా ఇంటికే వచ్చింది."

గోవర్ధన్ ఈ జవాబును కాసేపు పరిశీలించి అవమానంగా తీసుకున్నాడు. "ఇష్టం లేకుంటె చెప్పుండ్రి బావా. పిల్లకు ఇష్టం లేదా, మీకు ఇష్టం లేదా? గిట్ల పసుపు ఆపి మా ఇజ్జత్ తీసుడెందుకు?"

గుమ్మంలో రిషిత నిలబడి ఉంది. కళ్లు వాచిపోయాయి. ఆమె గోవర్ధన్‌ను చూడలేదు, అర్రలో ఉన్న సింధూజనే చూసింది. "అక్కా, నువ్వెన్నడు చూడని సముద్రమోళ్ల కోసం నా పెండ్లి ఆపుతవా?"

సింధూజ గుమ్మం వైపు అడుగేసేలోపు తెర మీద సెలీనా మాట్లాడింది.

"అది రోడ్డు పని కాదు. గీత చూశాను, యంత్రమైతే అన్ని దెబ్బలూ ఒకేలా కొడుతుంది. ఇద్దరు మనుషులు, ఒకరి తర్వాత ఒకరు కొట్టారు. అవునా?"

సింధూజ తల దించుకుంది. "పసుపు. మా చెల్లి పెండ్లికి. నేనే ఆపాను."

సెలీనా వెనక సభ్యులు ఏదో గుసగుసలాడారు. ఆమె చెయ్యెత్తి వాళ్లను ఆపింది.

"మా దగ్గర ప్రతి ఇంట్లో పొద్దున్నే చేమగడ్డ ఉడికించి దంచుతారు. మీ పెట్టె దానికల్లా మోగితే వారంలో పెరట్లో పారేస్తారు. మా ఊళ్లో ఒక సైరను ఉండేది. ఊరికూరికే మోగేది. పసిపిల్లలకు నిద్ర లేదని అందరూ గోల పెడితే దాని తీగ కోయించాను. కోయించింది నేనే. అల ఆ తర్వాత వచ్చింది. చప్పుడు లేని ఇంట్లో మీ పెట్టె బాగుంది. చప్పుడు లేని ఇల్లు మా దేశంలో లేదు. ఆ దంచేవాళ్లను పిలవండి. నేను చూడాల్సింది వాళ్లను."

సింధూజ వాకిట్లోకి వచ్చింది. గోవర్ధన్, జగపతి అప్పటికి గొంతులు పెంచుకున్నారు.

"పెద్దమ్మా, పసుపు దంచుండ్రి."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"గప్పుడు ఆపుమంటివి, గిప్పుడు దంచుమంటివి," అంది మనోరమ. "గిది పసుపనుకున్నవా, టీవీ అనుకున్నవా? ఘడియ దాటిపాయె!"

సింధూజ నేల మీద, రోలు పక్కనే కూలబడింది. "తప్పయింది పెద్దమ్మా. మీ పసుపు అడ్డమనుకున్న. గా పెట్టె మీ రోకలి సప్పుడును తట్టుకోకపోతే అక్కడ దాన్ని ఎవ్వరు ఇంట్ల ఉంచుకోరు. మల్ల అల వస్తే ఆ పిల్లలకు చెప్పెటోళ్లుండరు." చెప్తుండగా ఆమెకు ఏడుపు వచ్చింది. దాన్ని దాచుకోలేదు.

ముందుగా కదిలింది గోవర్ధన్ భార్య. చీర మూటను భర్త చేతిలో పెట్టి, కొంగు నడుముకు దోపింది. "నడుమ ఆగిన పసుపు రెండిండ్లోళ్లు కలిసి దంచితే దోషమేముంటది? అయ్యగారికి ఫోన్ కొట్టుండ్రి."

అయ్యగారు ఫోనులో పంచాంగం తిరగేశాడు. వెనక నుంచి గోవర్ధన్ గొంతు వినిపించాక, ఇప్పుడు నడుస్తున్న ఘడియ మొదటిదానికంటే మేలైనదని తేల్చాడు.

మనోరమ ఒక రోకలి అందుకుంది. రెండోది వియ్యపురాలు అందుకుంది. సింధూజ లాప్‌టాప్‌ను వాకిట్లోకి తెచ్చింది. మనుషుల చప్పుళ్లను భూమి కదలికల నుంచి వడపోసే పద్ధతి ఒకటి ఆమె రాసి పెట్టుకుంది కానీ, అది ఇంకా కుదురుకోలేదు, కమిటీ ముందు పరువు పోతుందని ఆ పొద్దు దాన్ని ఆపి ఉంచింది. ఇప్పుడు వేసింది. దీపం ఒకసారి ఎర్రబడింది, ఊరి ఫోన్లన్నీ కూశాయి. సరిచేసింది. మరోసారి ఎర్రబడింది, మళ్లీ కూశాయి. మళ్లీ సరిచేసింది. ఆ తర్వాత రోకళ్లు ఎంత జోరుగా పడినా, రుక్కి పాట ఎంత ఎత్తుకు పోయినా దీపం పచ్చగానే ఉంది. తెర మీద సెలీనా చెయ్యి బల్ల మీద అదే వరుసలో తడుతోంది. రిషిత వచ్చి అక్క పక్కన కూర్చుంది.

పసుపు సగం నలిగిందో లేదో, దీపం హఠాత్తుగా ఎర్రబడింది. ఫోన్లు మోగాయి. రోట్లోని పోట్లకు కాదు. దూరంగా గుట్టల అవతల గ్రానైటు క్వారీలో పేలుడు పెట్టారు. భూమి నిజంగానే కదిలింది. ఇన్ని పోట్ల మధ్య నుంచి పెట్టె దాన్ని ఏరి పట్టుకుంది. సింధూజ ఆనందంతో లేచి నిలబడింది.

"మంచిది," అంది సెలీనా. "ఎంతమంది ఇళ్లలోంచి బయటికి వచ్చారు?"

సింధూజ వీధిలోకి వెళ్లింది. వీధి నిర్మానుష్యంగా ఉంది. ఇంటింటా ఫోన్లు కూస్తున్నాయి, తలుపులు మాత్రం తెరుచుకోలేదు. మంచం మీద సాయిలు ఒక్కడే లేచి కూర్చున్నాడు.

"ఈసారి ఎవల పెండ్లి ఆగిందమ్మా?" అన్నాడు.

ఆమె తిరిగి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. ఈసారి అబద్ధం ఆడాలనిపించలేదు. పొద్దుటి నుంచి జరిగిన వాటికంటే ఆ ఖాళీ వీధే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఊరి నమ్మకం పోవడానికి ఒక పూట సరిపోయింది.

"మా ఊళ్లో అల వచ్చిన రోజు ఒక్కరూ లేచి కూర్చోలేదు," అంది సెలీనా. "పెట్టెలు పంపండి. మొదట కొన్నాళ్లు హెచ్చరిక గంట లేకుండా పంపండి. మా ఆడవాళ్లు దంచే చేతులు దానికి అలవాటయ్యాక గంట కడదాం. మీరూ వచ్చి ఇంటింటా కూర్చోవాలి."

ఆ సాయంత్రం సింధూజ సంస్థకు నివేదిక రాసింది. హెచ్చరికకు స్పందించినవారు అన్నచోట సాయిలు పేరు రాసి, హోదా అన్నచోట ఏం రాయాలో తోచక 'ప్రజలు' అని రాసింది.