ఎత్తుకొచ్చిన బర్రె

ఆ ఆదివారం ఇమ్మానుయేలుకు రెండే పనులు. పొద్దున గుడికి వెళ్లి, మూడు ఆదివారాలుగా పాస్టరుగారు చదువుతున్న తన పెండ్లి ప్రకటన చివరిసారి వినడం, సాయంత్రంలోగా తన కథకు ఒక పేరు పెట్టడం. మొదటిదానికి కష్టపడేదేమీ లేదు, నోరు మూసుకుని కూర్చుంటే చాలు. ప్రమీల అంటే అతనికి ప్రాణం. బుధవారమే పెండ్లి. ఆమె తండ్రి యోసేపును ఒప్పించేసరికి అతని తల ప్రాణం తోకకొచ్చింది.

తేలనిదల్లా కథ సంగతే. హనుమకొండ మిషన్ బడి పంతులు ఇమ్మానుయేలు పుట్టి బుద్ధెరిగాక రాసిన మొదటి కథ అది. ఒక దొంగ బర్రెను ఎత్తుకొచ్చి, దాని అరుపులకు నిద్రలేక పిచ్చివాడైపోతాడు. ఇంత చక్కని కథకు అతను 'జీవితం' అని పేరు పెట్టి హైదరాబాదు పత్రికకు పంపాడు. కథ బాగుంది గానీ ఆ పేరు చూస్తే చదవబుద్ధి కాలేదనీ, వెంటనే మార్చకపోతే అచ్చు వేసేది లేదనీ సంపాదకుడు కార్డు రాశాడు. 'విధి', 'వేదన', 'హృదయం' అన్నీ అయిపోయాయి. పేరు గంభీరంగా లేకపోతే రచయితను ఎవరు లెక్కచేస్తారని అతని బెంగ.

గుడిలో పాస్టరుగారు ప్రకటన చదివి, ఈ పెండ్లికి అడ్డు చెప్పేవారుంటే ఇప్పుడే లేచి చెప్పమన్నారు. ప్రతి పెండ్లికీ అడిగే మాటే అది. ఎవరూ ఎన్నడూ లేచిన పాపాన పోలేదు. సరిగ్గా అప్పుడే ఇమ్మానుయేలుకు పేరు తట్టింది. ఆ సంబరంలో ఎక్కడున్నదీ మరిచిపోయి లేచి నిలబడ్డాడు.

"ఎత్తుకొచ్చిన బర్రె" అన్నాడు గట్టిగా.

గుడి గుడంతా ఇటు తిరిగింది. పెండ్లికొడుకే తన పెండ్లికి అడ్డుపడడం ఆ సంఘంలో అదే మొదలు.

ఆడవాళ్ల వైపు నుంచి ప్రమీల మేనత్త దీనమ్మ లేచింది. "బర్రె అంటే అన్నడు, పిల్ల జర ఒళ్లున్నదే. ఎత్తుకొచ్చినమని ఎట్లంటడు? అది నా చేతుల మీద పుట్టలేదా?"

ప్రమీల పెండ్లికొడుకు వైపు ఒకసారి, మేనత్త వైపు ఒకసారి చూసింది. ఎవరి మీద ఎక్కువ మండిందో ఆమెకే తెలియలేదు.

"అది నా కథ పేరు, అయ్యగారూ" అన్నాడు ఇమ్మానుయేలు.

"ప్రకటన నడుమ కథలేంది నాయనా?" అన్నారు పాస్టరుగారు.

యోసేపు బెంచీ మీద చరిచాడు. "ఈ పెండ్లి కాదు. కథలు రాసేటోనికి పిల్లనియ్యొద్దని నేను ముందుగాలనే అన్న."

అప్పుడు సంఘపెద్ద సుందర్ రావు నెమ్మదిగా నోరు విప్పాడు. "పిల్లను గాదేమో. మొన్న స్టేషన్ ఘన్‌పూర్ అంగడిల యోసేపన్న సగం ధరకే, అగ్గువకు బర్రెను కొనుక్కొచ్చిండు గద. దాన్ని అంటాండేమో."

గుడంతా యోసేపు వైపు తిరిగింది. యోసేపు ముఖం పాలిపోయింది. "అల్లుడా, జర ఇట్ల రా" అంటూ ఇమ్మానుయేలు చేయి పట్టుకుని గుడి వెనక్కి లాక్కుపోయాడు.

"నీకెవలు చెప్పిండ్లు?"

"ఏం సంగతి, మామా?"

"బర్రె సంగతి. అమ్మెటోడు దిక్కులు చూస్తాంటెనే నాకు అనుమానమైంది. అగ్గువకొస్తాందని ఊకున్న. అది మడికొండ గట్టయ్య బర్రెనట, తర్వాత ఎర్కైంది. ఇగ నువ్వు పేపర్ల ఎక్కిస్తాన్నవా?"

కథకు పేరెంత ముఖ్యమో సంపాదకుడి కంటే బాగా ఇమ్మానుయేలుకు అప్పుడర్థమైంది.

"ఇయ్యాలనే గట్టయ్యకు ఇచ్చెయ్యి, మామా. పెండ్లి మాత్రం ఆగొద్దు."

"ఇచ్చేస్త. కని ఆ పేరు ఉండొద్దు. పేరుల దొంగ, బర్రె, అంగడి, ఏదీ ఉండొద్దు."

దొరక్క దొరక్క దొరికిన పేరు. ఇమ్మానుయేలుకు ఏడుపొచ్చినంత పనైంది. ప్రమీల కళ్లముందు మెదిలేసరికి మాత్రం "సరే" అన్నాడు.

ఇద్దరూ లోపలికొచ్చారు. అందరికంటే ముందు యోసేపే గొంతెత్తాడు. "అది కథనే, అయ్యగారూ. నేను చదివిన. మా అల్లుడు పెద్ద రచయిత. తొందరల పేరు తప్పు చెప్పిండు, అంతే."

"మరి అసలు పేరేంది?" అన్నారు పాస్టరుగారు.

ఇమ్మానుయేలు నోరు తెరిచేలోగా యోసేపే చెప్పేశాడు.

"నీతిమంతుడైన మామ."

ఆ సాయంత్రం బర్రె మడికొండకు చేరింది. బుధవారం పెండ్లీ అయింది. బర్రె అన్నది ఆమెను కాదని ప్రమీలను నమ్మించడానికి మాత్రం పెండ్లికొడుకు కథ మొత్తం చదివి వినిపించాల్సి వచ్చింది. కథ యోసేపు పెట్టిన పేరుతోనే అచ్చయింది. దొంగ, బర్రె తప్ప మూడో ప్రాణి లేని ఆ కథలో మామ ఎక్కడున్నాడని ఒక్క పాఠకుడూ అడగలేదు.