దేముడు చెప్పిన భూకంపం

ఆ ఆదివారం తెల్లవారేసరికి ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీలో ఒక్క కుక్క లేదు.

రాత్రి మిగిలిన అన్నం పళ్లెంలో వేసుకుని వాకిట్లోకొచ్చిన దేముడు ఎంత పిలిచినా ఒక్క తోకా ఊగలేదు. కుక్కలు పోతే పోయాయి, గోడమీద పిల్లులూ లేవు, వేపచెట్టు మీద కాకులూ లేవు. దేముడి మీసం వణికిందని ఆయన భార్య పోలమ్మ తర్వాత చెప్పింది. అది చిన్న సంగతి కాదు. వర్క్‌షాపులో బాయిలర్ మేస్త్రీ దేముడి మీసమంటే కాలనీలో జెండా కింద లెక్క.

కుర్రతనంలో మేనమామ దగ్గర జమాల్‌పూర్‌లో ఉండగా దేముడు బీహారు భూకంపం చూశాడు. ఆ పొద్దున తమ వీధిలో కుక్కలన్నీ మాయమయ్యాయని పాతికేళ్లుగా చెబుతున్నాడు. వినే నాథుడు లేడు. వెనక లైన్లో గూడ్సుబండి వెళ్లి గిన్నెలు గలగలలాడినప్పుడల్లా బయటికి ఉరికేవాడి మాట ఎవరు వింటారు?

"ఒలే పోలీ! పొయ్యి ఆర్పి బయటికి రా!"

"ఏటైనాది నీకు? మాంసం తెస్తానన్నావు, సంచీ ఇక్కడే ఉంది."

"మాంసమేటే, మనమే మిగలం! కుక్కల్లేవు, కాకుల్లేవు. భూకంపమొస్తాది!"

"మొన్నా అలాగే అన్నావు. బొగ్గులబండి ఎల్లింది."

పక్క క్వార్టరు అరుగుమీద పళ్లు తోముకుంటున్న నూకయ్య పగలబడి నవ్వాడు. యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ అతను, దేముడికి వరసకి అల్లుడు.

"మావా, పందెం! పొద్దు గుంకేలోపు భూమి కదిలితే నా మీసం తీసేస్తాను. కదలకపోతే నీది తీసెయ్యాల."

నూకయ్య మీసం గొంగళిపురుగంత ఉంటుంది. పోయినా ఎవరికీ తెలియదు. ఆ లెక్క దేముడికి తట్టేలోపే నోరు జారింది. "సరేరా!"

ఈలోగా నూకయ్య పెళ్లాం చిలకమ్మ వీధిలో పడింది. బెంగాలీ తనకి నీళ్లలా వచ్చునని ఆమె నమ్మకం. "దేముడు సెప్పినాడు, భూకంపమొస్తాది" అన్న ముక్కని ఎదురింటి బెంగాలీ దీదీకి ఆమె పేరుతో సహా పొల్లు పోకుండా అనువదించింది. "దీదీ! ఠాకుర్ బోలేఛే, ఆజ్ భూమికంప!"

సాక్షాత్తూ దేవుడే చెప్పాడంటే ఇంకేముంది? భూకంపమంటే చేసే బెంగాలీ ఆనవాయితీ ప్రకారం దీదీ శంఖం ఊదింది. శంఖాలు ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి అంటుకున్నాయి. మంచాలు, బిందెలు, కుట్టుమిషన్లు, ముసలమ్మలు అన్నీ ఫుట్‌బాల్ గ్రౌండుకి బయల్దేరాయి. పందెం సంగతి గుర్తొచ్చి అప్పటికే చల్లబడుతున్న దేముడి దగ్గరికి ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ ఆర్థర్, గ్రామఫోను చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"మిస్త్రీ! సునా? గాడ్ నే ఖుద్ బోలా! భూకంప్ ఆయేగా!"

దేముడు నిలువునా పులకరించాడు. "విన్నావటే పోలీ? నాకు తెలిసింది కుక్కలవల్ల. ఈళ్లకి పైనించే కబురొచ్చేసినాది!" తన మాటే వీధి చుట్టూ తిరిగి తన దగ్గరికొచ్చిందని పాపం ఆయనకెలా తెలుస్తుంది?

మధ్యాహ్నానికి గ్రౌండు తిరునాళ్లయింది. దీదీ పెద్ద డేగిశాలో కిచిడీ ఎక్కించింది. పోలమ్మ వంకాయలు వేయించింది. గ్రామఫోను పాడింది, పాటపాటకీ ముసలివాళ్లు తలలూపారు. భూకంపం సంగతి అందరూ మర్చిపోయారు, దేముడు తప్ప. ఆయన నేలమీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. "తల్లీ, గోడలు పడక్కర్లేదు, ఎవరికీ దెబ్బ తగలక్కర్లేదు. ఓ చెంబు దొర్లితే సాలు" అని భూదేవిని బతిమాలుకున్నాడు.

చెంబు దొర్లలేదు. పొద్దు గుంకింది. మంగలి ఎర్రయ్య కత్తి నూరడం మొదలుపెట్టాడు.

"మావా, రా! ఆలీసమెందుకు?" నూకయ్య నులకమంచం మీద బాసింపట్టు వేసుకుని రాజాలా కూర్చున్నాడు. దేముడు ఎదురుగా స్టూలు మీద కూలబడ్డాడు. పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మీసం చూసే తను పెళ్లికి ఒప్పుకుంది మరి.

సరిగ్గా అప్పుడు కుక్కలొచ్చాయి. యార్డు వైపునుంచి, పెళ్లిభోజనం చేసిన పేరంటాళ్లలా భారంగా, పొట్టలు నేలకి రాసుకుంటూ నడిచొచ్చాయి. వాటితోపాటు గుప్పుమని నీసు కంపొచ్చింది. అన్నిటిలోకీ బలిసింది ఒకటి నూకయ్య మంచం కిందికి దూరి, వెనక్కాలెత్తి చెవి గోక్కోవడం మొదలుపెట్టింది. కాలు ఆడినప్పుడల్లా మంచంపట్టెకి టకటకా తగులుతోంది.

మంచం అదిరింది. నూకయ్య నవ్వు ఆగింది.

స్టూలు మీంచి దేముడికి ఆ కాలు స్పష్టంగా కనిపిస్తోంది. చెప్పబోయాడు. కానీ పైపెదవి ఎర్రయ్య వేళ్ల మధ్య ఉంది, కత్తి దానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. "ఉఁ, ఉఁ" అని మాత్రం అనగలిగాడు.

కుక్కకి దురద పెరిగింది. మంచం గంతులేసింది. నూకయ్య రెండు చేతులా పట్టెలు పట్టుకుని, తెల్లబోయిన మొహంతో గ్రౌండంతా వినబడేలా అరిచాడు.

"మావో! కత్తి ఆపించు మావా! ఊర్నించి తెచ్చిన ఎండుసేపల మూట తడిసి కుళ్లిపోతే, సిలక తిడతాదని యార్డు అవతల గోతిలో పారబోసింది నేనే! కుక్కలన్నీ అక్కడున్నాయని తెలిసే పందెం కట్టినాను! నీ మీసం నీకే ఉండనీ మావా, ముందు భూమిని ఆగమని సెప్పు!"