అమ్ముడుపోయిన రెండో తరగతి

ఆ రోజు తీసివేతలను పలక మీద కాకుండా కాళ్లతో నేర్పాలనుకుంది శోభ టీచరు. బడి చూడటానికి వస్తున్న మండల విద్యాధికారికి నచ్చితే ఇకమీదట పాఠాలన్నీ అలాగే చెప్పుకోవచ్చు. నచ్చకపోతే పిల్లలు మళ్లీ చేతులు కట్టుకుని కూర్చోవడమే. రెండో తరగతిలో అందరూ గొర్రెలు కాసే ఇళ్ల పిల్లలే. అందుకని వరండాలో సుద్దముక్కతో గీత గీసి దొడ్డి అంది. పిల్లలు గొర్రెలు, పరమేష్ బేరగాడు. అతను కొన్నవి గెంతుతూ గీత దాటితే మిగిలినవాటిని లెక్కపెట్టాలి.

లెక్కలు చకచకా వచ్చేశాయి. శోభ మురిసిపోయి, ఇక అందరూ దొడ్డిలోకి రండి అంది. ఎవరూ కదలలేదు.

"అమ్మిన గొర్రె మళ్ల మందల కలువది టీచర్," అన్నాడు పరమేష్, పెద్దమనిషిలా. వాళ్ల నాయిన పద్ధతి అదేనట. కొన్నవాటిని అదిలిస్తూ గేటు దాటించాడు. పిలుచుకు రమ్మని శోభ పంపినవాళ్లూ మందలో కలిసిపోయారు. కాలికి ముల్లు దిగిన స్వర్ణ ఒక్కతే మిగిలింది. కుంటే గొర్రెను పరమేష్ కొనలేదు.

విద్యాధికారి బండి దిగి, మిగతా పిల్లలేరని అడిగాడు.

"టీచర్ అమ్మింది సార్," అంది స్వర్ణ.

అదే మాట గేటు పక్కగా పోతున్న పరమేష్ వాళ్ల అవ్వ గుర్వమ్మ చెవిన కూడా పడింది. ఆ మాట బోరింగు దగ్గరికి చేరేసరికి కొన్నది కల్వకుర్తి వాళ్లని తేలింది. కిరాణం దుకాణం చేరేసరికి వ్యాను కూడా వచ్చింది. పిల్లలు అదే బోరింగు దగ్గర ఎదురుగానే నీళ్లు తాగుతున్నారు గానీ, కోపంలో ఎవరూ చూసుకోలేదు. గుర్వమ్మతో పాటు తల్లులంతా కర్రలతో బడికి వచ్చారు. వెనకాలే మంద కూడా వచ్చింది.

సంగతి విన్న విద్యాధికారి పిల్లలను లెక్కలడిగాడు. గెంతుతూ అన్నీ సరిగ్గా చెప్పారు. ఆయన ముచ్చటపడి, రోజూ ఇలాగే ఆడించమన్నాడు. శోభ ఊపిరి పీల్చుకునేలోగా గుర్వమ్మ కర్ర పక్కన పెట్టి మెట్టు మీద కూలబడింది.

"ఆటేనని సమజైంది బిడ్డా. గొర్ల ఎనుక తిరిగి తిరిగి మా కాళ్లరిగినయ్. గీ పోరగాండ్లన్న జర కూసుండి బతకాల్నని బడికి తోలినం. నువ్వు సుత గొర్లనే జేస్తున్నవ్."

విద్యాధికారి తల తిప్పుకున్నాడు. శోభ ఇంకా గెంతుతున్న పిల్లలను ఒక్కొక్కరినే భుజం పట్టి కూర్చోబెట్టింది.

మర్నాటి నుంచి రెండో తరగతి ఎంతో బుద్ధిగా ఉంది. మధ్యాహ్నానికి సగం మంది కూర్చునే నిద్రపోతున్నారు.