విసరమన్నది నేనే

ఆ రోజు పొద్దున టెన్నిస్ కోచ్ వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి క్లబ్బు సెక్రటరీ వస్తాడు. ఆయన కళ్లముందు పన్నెండేళ్ల పిల్ల చేత నాలుగు గట్టి సర్వీసులు కొట్టించాలి. కొట్టిందా, ఉద్యోగం ఇంకో ఏడాది నిలుస్తుంది. లేదా, యాభై ఆరేళ్ల మనిషికి కొత్తగా పని ఇచ్చేవాడెవడు? చూస్తే పిల్ల కొట్టే బంతి ఇంకా నెట్టు దాటడానికే ఆపసోపాలు పడుతోంది.

సర్వీసు బలమంతా విసురులో ఉందని కోచ్ నమ్మకం. అందుకే తొమ్మిదిన్నరకు పిల్లకు నాలుగు పాత రాకెట్లు ఇచ్చి, గడ్డిలోకి బలంకొద్దీ విసరమన్నాడు. మూడోది గిరగిరా తిరుగుతూ పోయి, అరగంట ముందే వచ్చిన సెక్రటరీ కాళ్ల దగ్గర విరిగి పడింది.

"ఏమయ్యా, పిల్లలు నీ మీద తిరగబడ్డారా?"

"లేదండీ, విసరమన్నది నేనే."

"నా మీదికా?"

కోచ్ నోరు తెరిచేలోపు పిల్ల తల్లి గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. విరిగిన రాకెట్టూ, సెక్రటరీ ఎర్రబడ్డ మొహమూ చూసి ఇంకేమీ అడగలేదు. కూతురి వీపు మీద ఒక్కటి వేసింది.

"ఇంట్లో కంచాలు విసిరే బుద్ధి ఇక్కడిక్కూడా తెచ్చావా?"

పిల్ల భోరుమంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

"కొట్టకండమ్మా, ఇది పాఠం," అన్నాడు కోచ్.

"విసరడం పాఠమా? రోజూ తెల్లారకుండానే లేపి పంపేది ఇందుకా?"

చెబితే వినేలా లేరని చేసి చూపించబోయాడు పాపం. తానింకా కుర్రాణ్ణే అనుకున్నాడు కాబోలు. భుజం కటుక్కుమంది, రాకెట్టు దారి తప్పింది, సెక్రటరీ కారు అద్దం భళ్లున పగిలింది.

సెక్రటరీ అరవలేదు. అరిచినా బాగుండేది. "రేపట్నుంచి రావద్దు," అన్నాడంతే. కోచ్ అక్కడే గడ్డిలో కూలబడి, పిల్ల ముందే కళ్లు తుడుచుకున్నాడు.

అది చూసి పిల్ల ఏడుపు ఆపింది. తన రాకెట్టు తీసుకుని గీత దగ్గర నిలబడింది. బంతి పైకేసి, కోపమంతా కూడదీసుకుని కొట్టింది. బంతి నెట్టు దాటి అవతలి గడిలో పడి లేచి, వెనక కంచెలో ఇరుక్కుపోయింది. రెండోదీ అంతే. మూడోదీ, నాలుగోదీ అంతే.

సెక్రటరీ కంచె వైపే చాలాసేపు చూశాడు. కోచ్‌కు ఆశ పుట్టింది. పుట్టదా మరి.

"దేవుడిచ్చిన చెయ్యమ్మా ఇది," అన్నాడు సెక్రటరీ తల్లితో. "ఇలాంటి పిల్లకు కోచ్ ఎందుకు?"

పాతికేళ్లలో కోచ్ శిక్షణకు క్లబ్బు ఇచ్చిన పెద్ద మెచ్చుకోలు అదే.