తలుపుకి పెద్దదిక్కు

ఆ ఉదయం కొనుగోళ్ల అధికారి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసులో కొత్త తలుపు బిగించడం దగ్గరుండి చూసుకుని, అటునుంచి అటే అత్తగారిని కంటి డాక్టరుకి చూపించి, భోజనం వేళకి ఇల్లు చేరడం. అందుకే ఆవిడని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని మరీ బయల్దేరాడు.

ఆయన పనిచేసేది పాత పటాల కార్యాలయంలో. పక్క శాఖలో దొంగలు పడ్డాక, మనిషి మొహం చూసి తెరుచుకునే తలుపులు పెట్టుకోమని ఆఫీసులన్నిటికీ ఉత్తర్వు వచ్చింది. మామూలుగా అయితే టెండరు పిలవాలి, కంపెనీల చుట్టూ తిరగాలి. కానీ ఈ తలుపు రేట్ కాంట్రాక్టులో ఉంది. అంటే కేంద్ర కొనుగోళ్ల సంస్థవారు అన్ని శాఖల తరఫునా ఒక్కసారే కూర్చుని, ధరా షరతులూ ఖరారు చేసి పెట్టేశారు. ఇక ఎవరికి కావలసింది వాళ్లు తెప్పించుకోవడమే తరువాయి. ఆ ఏర్పాటు తలుచుకుంటే చాలు, ఆయన ఒళ్లు పులకరిస్తుంది.

"ముక్కూ మొహం తెలియని వాళ్లెవరో మనకోసం ముందే బేరమాడి పెట్టారు అత్తయ్యగారూ! అందులో ఒక్క అక్షరం మార్చడం ఎవరి తరమూ కాదు" అన్నాడు దారిలో.

"కళ్లతో చూడకుండా, నోటితో అడక్కుండా తలుపు కొనేశారా?" అంది అత్తగారు. ఆవిడ చీపురుకట్ట కొన్నా దుకాణంవాడు చెమటలు తుడుచుకోవాల్సిందే.

తలుపు నిజంగానే చూడముచ్చటగా ఉంది. నల్లగా నిగనిగలాడుతూ, చిన్న చప్పుడైనా చెయ్యకుండా మూసుకుంటోంది. సిబ్బంది నోళ్లు తెరుచుకుని చుట్టూ చేరారు. అధికారి గుడికొచ్చిన వాడిలా దాని చుట్టూ తిరిగి, వెనక పక్కకి వెళ్లి అరచేత్తో నిమురుతూ ఉండిపోయాడు.

ఆ సమయంలో తలుపు బిగిస్తున్న మెకానిక్ తల బయటపెట్టి అడిగాడు. "ఇక్కడ పెద్ద ఎవరండీ? ముందు వాళ్ల మొహం ఎక్కించాలి."

డైరెక్టరు ఆ రోజు సెలవు. అత్తగారు అటూ ఇటూ చూసింది. "నాకంటే పెద్ద ఇక్కడెవరున్నారు నాయనా?"

"అయితే ఇలా నిలబడండమ్మా. కళ్లు బాగా తెరవండి."

కంటి పరీక్ష ఇక్కడే చేసేస్తున్నారనుకుని ఆవిడ శ్రద్ధగా నిలబడింది. "అక్షరాలేం చదవక్కర్లేదా?"

"అక్కర్లేదమ్మా. అయిపోయింది."

"మంచి డాక్టరు" అంది ఆవిడ. అల్లుడు ఇవతలికొచ్చి, అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరు వచ్చి తలుపు ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. లోపలినుంచి తీయని ఆడగొంతు పలికింది. "క్షమించండి. మీరెవరో తెలియదు. దయచేసి మీ పెద్దవారిని వెంటబెట్టుకుని రండి."

సిబ్బంది నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగారు. అధికారి కంపెనీకి ఫోన్ చేశాడు.

"పెద్దని మార్చాలంటే మా చేతుల్లో లేదు సార్. ఒప్పందం మీతో కాదు కదా, కేంద్ర సంస్థతో. వాళ్లు అనుమతిస్తేనే" అన్నాడు అవతలివాడు.

అధికారి అనుమతి కోసం కేంద్ర సంస్థకి రాసిపడేసి, స్కూటరెక్కి ఇంటికి పరిగెత్తి అత్తగారిని తీసుకొచ్చాడు. వచ్చేసరికి డైరెక్టరు మెట్లమీద నిప్పులు కక్కుతున్నాడు.

"ఏమయ్యా, బుద్ధుందా నీకు? రేపట్నుంచి నీకు ఉద్యోగం ఉండదు!"

అత్తగారు వెళ్లి తలుపు ముందు నిలబడింది. అది వినయంగా తెరుచుకుంది. తర్వాత ఒక్కొక్కరూ ముందుకొస్తుంటే, "వీరిని అనుమతించాలా?" అని తలుపు అడగడం, ఆవిడ సరేననడం. డైరెక్టరు వంతు వచ్చింది.

"వద్దమ్మా" అంది ఆవిడ తలుపుతో. "ముందు ఆయన్ని చల్లబడనీ."

తలుపు మూసుకుంది.

అప్పుడు జరిగింది ఎవరూ ఊహించని సంగతి. డైరెక్టరు దర్శనం కోసం నెలల తరబడి తిరుగుతున్న అర్జీదారులకి ఆయన మెట్లమీద దొరికాడు. పారిపోవడానికి గది లేదు, మీటింగులో ఉన్నారని చెప్పడానికి ప్యూను లేడు. సరిహద్దు పటం కావాలన్న రైతుకీ, ఇంటి నక్షా కావాలన్న టీచరమ్మకీ అక్కడికక్కడే సంతకాలు పెట్టాల్సి వచ్చింది. సాయంత్రానికి మెట్లు ఖాళీ. జనం దణ్ణాలు పెట్టి వెళ్తుంటే ఆయన మొహంలో కోపం పోయి సిగ్గు, ఆ సిగ్గు కూడా పోయి ఏదో వెలుగు వచ్చింది. మర్నాడు తనే కుర్చీ తెచ్చుకుని మెట్లమీద వేసుకున్నాడు.

లోపల మరో వింత. పెద్ద సరేనంటే గానీ తలుపు ఎవరినీ రానివ్వదు కాబట్టి ఆవిడ రోజూ ఆఫీసుకి రావలసి వస్తోంది. ఆలస్యంగా వచ్చినవాణ్ణి అత్తగారు "ఇప్పుడా నాయనా తెల్లారింది?" అని అడుగుతోంది. ఆ మాట రెండోసారి పడటానికి ఎవరికీ ధైర్యం లేదు. కుర్చీలన్నీ వేళకి నిండుతున్నాయి. ముఫ్ఫయ్యేళ్ల ఉత్తర్వులు సాధించలేనిది అత్తగారి కనుబొమ సాధిస్తుంటే, అధికారి ఆ తలుపుని చూసిన కళ్లతోనే ఆవిణ్ణి చూడసాగాడు.

అనుమతి సంగతి తేల్చడానికి కేంద్ర సంస్థ నుంచి తనిఖీ అధికారి దిగాడు. తలుపు ఆయన్నీ బయటే ఆపేసింది.

"ఈ తలుపు ఒప్పందం రాసిందే నేను!" అన్నాడాయన.

"ఓహో, బేరమాడింది నువ్వేనా?" అంటూ అత్తగారు బయటికొచ్చింది. "ఇలా కూర్చో బాబూ. వాడెంతన్నాడు, నువ్వెంతకి ఒప్పుకున్నావు?"

ఇద్దరూ మెట్లమీద చాలాసేపు కూర్చున్నారు. కిటికీలోంచి చూస్తున్న అల్లుడికి మాటలు వినబడలేదు గానీ, తనిఖీ అధికారి మాటిమాటికీ జేబురుమాలు తీయడం కనబడింది. ఆయన ఏమీ తేల్చకుండా వెళ్లిపోయాడు. సస్పెన్షను ఖాయమనుకుని అల్లుడికి అన్నం సయించలేదు.

వారం తిరక్కుండా కవరు వచ్చింది. అల్లుడు విప్పి చదివాడు. పటాల కార్యాలయంలో వచ్చిన ఫలితం ఇంకే ఆఫీసులోనూ కనబడలేదు కాబట్టి రేట్ కాంట్రాక్టుని సవరించారు. ఇకమీదట ఏ ఆఫీసైనా తలుపుని 'పెద్దావిడతో సహా' తెప్పించుకోవచ్చు. ఆవిడ వంతులవారీగా వెళ్లి ఆఫీసులని దారిలో పెడుతుంది.

ఆయన ఆ రాత్రి భయపడుతూనే చెప్పాడు. "మీ రేటు కూడా ముందే ఖరారు చేసేశారు అత్తయ్యగారూ. మార్చడానికి వీల్లేదు. బేరమాడే అవకాశమే ఇవ్వలేదు మీకు..."

"ఎవరు ఇవ్వలేదు?" అంది ఆవిడ తాపీగా. "ఆ రోజు మెట్లమీద ఆడింది ఏమనుకున్నారు మరి? కిందికి చదవండి."

ఆయన కిందికి చదివాడు. ఆఖరి షరతు ప్రకారం ఆవిడని ఆఫీసులకి తిప్పడానికి ఒక స్కూటరు, దాన్ని నడపడానికి ఒక అల్లుడు, కొసరు.