అసలు కెనడాలో ఉంది

ఆ సోమవారం హేమలత చేయవలసిన పనులు ఇవి: బైండింగు దుకాణం నుంచి తన ఎం.ఏ. నివేదిక ప్రతులు తెచ్చుకోవాలి. వాటి మీద గైడు అనంతరావు సారు సంతకం పెట్టించుకోవాలి. ఐదు గంటలలోపు కాలేజీ ఆఫీసులో అప్పగించాలి. ఆ తర్వాత, ఇది చూడటానికే ఊరి నుంచి వచ్చిన నాన్న ఆశన్నకు బస్టాండు దగ్గర హోటల్లో కడుపునిండా తినిపించాలి. ఈ జాబితాలో పశువుల ఆసుపత్రి లేదు. మేక అసలే లేదు.

అది రెండువేల సంవత్సరం. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఎస్టీడీ బూత్‌లు ఒక్కొక్కటే సైబర్ కేఫ్‌లని బోర్డులు మార్చుకుంటున్న కాలం. తమ ఊరు కోర్పన పక్క పత్తి చేల మీద పడుతున్న సిమెంటు దుమ్ము గురించి హేమలత నివేదిక రాసింది. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే. ఎం.ఏ. పాసైతే జూన్‌లో ఉద్యోగంలో చేర్చుకుంటామని గడ్‌చాందూర్‌లో ఒక కాలేజీ వాళ్లు మాటిచ్చారు. ఇవాళ గడువు తప్పితే ఏడాది పోతుంది, ఆ కొలువు ఇంకొకరికి పోతుంది.

అనంతరావు సారు మంచివాడే. కాకపోతే అచ్చయిన కాగితాన్ని తప్ప దేన్నీ నమ్మడు. ఆధారాల జాబితాలో చివరి వరుస దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

"గిదేంది? పుస్తకమా?"

"కాదు సార్, ఇంటర్నెట్ల పేజీ. కెనడాల ఒక సైంటిస్టు పెట్టిండు. ఆకు మీద దుమ్ము ఎట్ల కొలవాల్నో అండ్ల ఉన్నది."

"అచ్చేసినోళ్లు ఎవరు?"

"అచ్చెయ్యరు సార్. ఊకె అట్లనే ఉంటది."

"అట్లనే ఎట్ల ఉంటది? గాలిలనా?"

యూనివర్సిటీ నుంచి ఆ మధ్యే ఒక సర్క్యులర్ వచ్చింది. ఇంటర్నెట్ నుంచి తీసుకున్న దానికి చిరునామా, చూసిన తేదీ రాయాలని అందులో ఉంది. హేమలత రెండూ రాసింది. కానీ సారుకు 'చూసిన తేదీ' దగ్గర అనుమానం వచ్చింది.

"చూసినవని నువ్వే రాసుకుంటె ఎట్లనే? రుజువు?"

"ప్రింటు తీసిన సార్."

"ప్రింటంటె నకల్. నకల్ అంటె గెజిటెడ్ ఆఫీసర్ దస్కత్ ఉండాలె, సిక్కా ముద్ర ఉండాలె. నీ టెన్త్ మెమో గట్లనే ఇయ్యలేదా?"

"పోనీ, ఆ ఒక్క వరుస తీసేస్తె?"

"మూడో అధ్యాయమంతా దాని మీదనే నిలబడ్డది. గుంజ పీకి గుడిసె నిలబెడ్తవా? పో, పోయి సిక్కా ఏపిచ్చుకరా."

తహసీల్దారు టూరులో ఉన్నాడు. మిగిలిన ఆఫీసుల్లో ఎవరూ ఆశన్నకు తెలియరు. తెలిసిన గెజిటెడ్ ఆఫీసరు లోకంలో ఒక్కడే: అంతకు ముందు కోర్పనలో పనిచేసి, ఆశన్న ఎద్దుకు రెండుసార్లు ప్రాణం పోసిన పశువుల డాక్టరు బాలకిషన్. తండ్రీకూతుళ్లు ఆసుపత్రికి చేరేసరికి అక్కడ సత్తమ్మ అనే ముసలావిడ, ఇన్సూరెన్స్ కోసం తన మేకకు సర్టిఫికెట్ రాయించుకోవడానికి కూర్చుని ఉంది.

బాలకిషన్ ప్రింటును ముందూ వెనకా తిప్పి చూశాడు. "ఆశన్నా, నీ బిడ్డంటె నా బిడ్డనే. కాని అసలు చూడకుండ నకల్ మీద సిక్కా ఎయ్య. ఒకపాలి ఏసి, ఆరు నెలలు జవాబులు రాసిన. అసలేది?"

"అసలు కెనడాల ఉన్నది సార్," అంది హేమలత.

"మరి ఈడ ఎట్ల చూసినవు?"

"సైబర్ కేఫ్‌ల చూసిన."

"అంటె అసలు గాడికి వస్తదన్నట్టు. నడువుండ్రి, చాయ్ తాగే టైమే గదా, చూసొద్దాం."

సత్తమ్మ లేచి మేక తాడు అందుకుంది. "పొద్దటి సంది కూసున్న. నా వంతొచ్చినంక యాడికి పోతవు డాక్టర్ సాబ్? నువ్వు యాడుంటె నా మేక గాడనే."

అలా నలుగురు మనుషులూ ఒక మేకా గిరిధర్ సైబర్ కేఫ్‌కు వెళ్లారు. గిరిధర్ తండ్రి గుంటూరు నుంచి వచ్చి పవర్ ప్లాంటులో ఇంజనీరుగా స్థిరపడినవాడు. కొడుకు మాటలో గుంటూరు ఇంకా పోలేదు. "మేక లోపలికొద్దండీ బాబూ, ఏసీ గది!" అని అతను అరిచేలోపే మేక ఏసీ కింద నిలబడి కళ్లు మూసుకుంది.

ఇంటర్నెట్ కలిపే ఫోను గీపెట్టి, గురగురలాడి, చివరికి పేజీ తెరుచుకుంది. బాలకిషన్ ప్రింటును తెర పక్కన పెట్టుకుని ఒక్కో మాట మీద వేలు పెడుతూ సరిచూశాడు. అంతా సరిపోయింది. అట్టడుగున మాత్రం ప్రింటులో 'మీరు 212వ సందర్శకులు' అని ఉంటే, తెర మీద 213 ఉంది.

"ఇది అది కాదు," అన్నాడు కలం మూస్తూ.

"అది కౌంటరండీ. ఎవరు చూసినా ఒకటి పెరుగుద్ది," అన్నాడు గిరిధర్.

"అంటె నేను చూసుడుతోనే అసలు మారిందా?"

"మారినట్టేనండి. ఉండండి, కొత్త ప్రింటు కొట్టేస్తాను." ప్రింటరు రెండో కంప్యూటరుకు ఉంది. గిరిధర్ అక్కడ పేజీ తెరిచాడు. అందులో 214 వచ్చింది.

బాలకిషన్ ఈ తెరనూ ఆ తెరనూ మార్చి మార్చి చూశాడు. "ఒక్కదానికి రెండు అసళ్లు ఎట్లుంటయయ్యా?"

అది తేలకముందే మేక బయటికి పోబోయింది. దాని తాడు ఫోను తీగకు చిక్కుకుంది. తీగ ఊడింది, కంగారులో గిరిధర్ కాలు తగిలి ప్లగ్గు కూడా ఊడింది, రెండు తెరలూ నల్లబడ్డాయి. మళ్లీ అన్నీ కలిపి పేజీ తెరిస్తే 215. ఆశన్న గుండె బాదుకున్నాడు. "ఓ కొడుకా, ఇగ దాన్ని చూడకు! చూసినకొద్దీ పెరుగుతున్నది! బిడ్డా, నువ్వు గూడ కండ్లు మూస్కో!"

హేమలత నిజంగానే కళ్లు మూసుకుంది. గోడ గడియారం నాలుగు దాటిందని ఆమెకు తెలుసు. జూన్‌లో ఎక్కవలసిన గడ్‌చాందూర్ బస్సు తాను ఎక్కకుండానే కదిలిపోతున్నట్టు అనిపించింది.

"మీ పంచాది తెగేట్టు లేదు గని, నా సర్టిఫికెట్ రాయి సారూ," అంది సత్తమ్మ. "పోయినేడు పదహారు కిలోలని రాసిచ్చినవు. ఇప్పుడిది ఇర్వై అయ్యింది. ఇన్సూరెన్సోళ్లు ఇది ఆ మేక కాదంటరా?"

"ఎందుకంటరే? జీవమన్నంక పెరుగదా? చెవు మీద మచ్చ, కొమ్ముల తీరు రాసి, చూసిన తారీఖు ఏస్త. ఆ దినం గట్లున్నదని గదా నేను రాసేది…"

బాలకిషన్ తన మాట తానే విని ఆగిపోయాడు. తెర వంక చూశాడు, మేక వంక చూశాడు. తర్వాత సంచిలోంచి ఒకటి కాదు, రెండు ఫారాలు తీశాడు.

రెండో ఫారం ఇలా నిండింది. జాతి: ఇంటర్నెట్ పేజీ. రంగు: తెలుపు. గుర్తులు: పైన నీలి గీత, ఎడమ పక్క ఆకు బొమ్మ, అడుగున పెరిగే అంకె. యజమాని నివాసం: కెనడా. ఆడా మగా అన్నచోట కొంచెంసేపు ఆలోచించి అడ్డగీత గీశాడు. ఆరోగ్యం: బాగున్నది. కింద చూసిన తేదీ, సంతకం, గుండ్రటి సిక్కా.

అనంతరావు సారు ఆ కాగితాన్ని చాలాసేపు చదివాడు. సిక్కా మీద అక్షరాలు చెదరలేదని చూసుకుని, జాబితాలో తేదీని కలంతో దిద్దించి, సంతకం పెట్టాడు. ఆఫీసు గుమస్తా తాళం చేత్తో పట్టుకునే నివేదిక తీసుకున్నాడు.

నెల తర్వాత మౌఖిక పరీక్షకు నాగపూర్ నుంచి వచ్చిన పరీక్షాధికారి తెలివైనవాడు. కాలేజీకి కొత్తగా వచ్చిన కంప్యూటరు ముందు కూర్చుని, విద్యార్థులు రాసిన ప్రతి ఇంటర్నెట్ చిరునామానూ తెరిచి చూశాడు. మూడు పేజీలు తెరుచుకోలేదు. ఇద్దరిని ఆ అధ్యాయాలు మళ్లీ రాసుకుని రమ్మన్నాడు. మూడో పేజీ హేమలతది.

"ఈ పేజీ లేదు," అన్నాడు మరాఠీలో.

"అప్పుడు ఉన్నది సార్," అని హేమలత ప్రింటునూ, దానికి కుట్టిన ఫారాన్నీ ముందు పెట్టింది.

ఆయన చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. "ఇది మేకలకిచ్చే ఫారం కదా?"

"అవును సార్."

"మేక చనిపోతే ఇన్సూరెన్స్ వాళ్లు ఏమడుగుతారు?"

"బతికినప్పటి సర్టిఫికెట్ సార్."

ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. "సరే, క్లెయిము మంజూరు," అని తర్వాతి పేజీ తిప్పాడు. జూన్‌లో హేమలత గడ్‌చాందూర్ బస్సెక్కింది.

మరుసటి ఏడాది నుంచి చంద్రపూర్ కాలేజీలో ఇంటర్నెట్ ఆధారాలకు అలాంటి ధ్రువపత్రమే జతచేయాలని అనంతరావు సారు నోటీసు పెట్టించాడు. పరీక్షల కాలం వస్తే పశువుల ఆసుపత్రి ముందు ఒక వరుసలో మేకలు, ఇంకో వరుసలో విద్యార్థులు నిలబడేవారు. బాలకిషన్ ఎవరినీ కాదనలేదు, ఏ పేజీనీ చూడకుండా సంతకం పెట్టలేదు. మీరెప్పుడైనా ఒక వ్యాసం కింద చిరునామా రాసి పక్కన చూసిన తేదీ వేస్తున్నప్పుడు, ఆయనను ఒక్కసారి తలుచుకోండి. ఆయన ఆరోగ్యం బాగున్నదని రాసిచ్చిన పేజీల్లో చాలా మటుకు ఇప్పుడు లేవు. మేకలదీ అదే సంగతి.