వాగుకి లేని వర్జ్యం

ఒక పెద్ద అడవిలో, పేరుకే పెద్దది లెండి, బుద్ధికి కాదు, తుమ్మాలన్నా ముహూర్తం కావాలి. పెట్టేది నక్క సిద్ధాంతి. నమ్మేది సర్పంచి ఏనుగు.

ఓ మధ్యాహ్నం వాగు పొంగింది. వాగు మధ్య లంకలో కుందేలమ్మ బొరియ. అందులో ఇంకా గెంతడం కూడా రాని పిల్లలు. మేతకని ఒడ్డుకొచ్చిన తల్లి తిరిగి చూసేసరికి దారి మునిగిపోయింది. పరుగున సర్పంచి దగ్గరికి పోయింది.

"మావయ్యా, ఆ పడిపోయిన మద్దిమాను లంకకి అడ్డంగా వెయ్యి. పోయి పిల్లల్ని నోట కరుచుకొచ్చుకుంటా. తొండం కదిపితే చాలు నువ్వు!"

"దానికేం తల్లీ! సిద్ధాంతిగారూ, వెయ్యొచ్చా?"

పిల్లల మాట వినగానే నక్కకి నోరూరింది. ఊరిన నీళ్లు మింగేసి, వేళ్లు మడిచి, కళ్లు మూసింది.

"రాహుకాలం. అది పోగానే వర్జ్యం. పొద్దు వాలేలోగా మాను కదిపావో, నీ పదవి గల్లంతు."

ఏనుగు తొండం చుట్టేసుకుంది.

"అయితే వాగుకి చెప్పండి వర్జ్యమని! ఆగుతుందేమో చూద్దాం!" అంది కుందేలమ్మ.

"ఆడదానికి అంత నోరు పనికిరాదు," అంటూ నక్క లేచింది. "నాకు జపం వేళయింది."

జపమా, దాని మొహమా! కుందేలు గెంతుకి అందని ఎగువ రాళ్ల మీదుగా లంకకి దారి తీసింది.

దూరదేశం నుంచి వలసొచ్చిన కొంగ ఇదంతా వింటోంది. "మా గూడు యూదుల బడి కప్పు మీద, కుందేలక్కా. కింద గడ్డాల పెద్దలు ఒకటే వాదులాట. నక్షత్రాలే మన రాత అంటాడొకాయన. మన మీద వాటి పెత్తనమేంటి అంటాడింకొకాయన. ఎవరన్నా ఆకలని తలుపు తడితే మాత్రం వాదన ఆపేసి అన్నం పెడతారు. ముహూర్తం చూడగా నేనెన్నడూ ఎరగను."

"పరదేశం మాటలు మనకెందుకమ్మా," అని ఏనుగు నసుగుతుండగానే కొంగ ఎగిరింది. ముక్కున ఒక్కో పిల్లనే పట్టి ఒడ్డుకి చేర్చింది. తల్లి వాటిని నాకి నాకి తుడిచింది.

నక్క లంక చేరేసరికి బొరియ ఖాళీ. వెనక్కి తిరిగితే రాళ్లు మునిగిపోయాయి. లంక మీదికీ నీళ్లెక్కుతుంటే తుమ్మపొద పట్టుకుని వేలాడుతూ కేకలు పెట్టింది.

"సర్పంచీ! మాను వెయ్యవయ్యా!"

"వర్జ్యం కదండీ స్వామీ."

"వర్జ్యమూ లేదు, నీ పిండాకూడూ లేదు! వెయ్యరా మొద్దూ!"

ఏనుగు చెవులతో చెంపలేసుకుంది. "చూశావా కుందేలమ్మా, ప్రాణం మీదికొచ్చినా నా భక్తిని పరీక్షిస్తున్నారు. ఎంత మహానుభావులు!"

పొద్దు వాలాక, కొబ్బరికాయ కొట్టి మరీ మాను వేసింది. నక్క తుమ్ముకుంటూ ఒడ్డెక్కింది.

మర్నాడు దాని గుహ ముందు ఇసకేస్తే రాలనంత జనం. జలగండం దాటిన స్వామి కదా!

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, మంచి ఘడియ కోసం తప్పకుండా ఆగండి. మీరు ఆగినంతసేపూ ఏదో ఒక నక్కకి అది మంచి ఘడియే.